జాన్‌బాబు సర్వర్‌లో ఖాళీ కుర్చీలు

ఘాజియాబాద్‌లో జాన్‌బాబు ఇంట్లో, ఫ్రిజ్ పక్కన ఒక పాత కంప్యూటర్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. దాన్ని కట్టేసే అధికారం భార్య ఫ్లోరాకి కూడా లేదు. ఢిల్లీ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు నర్సులు ఆదివారం డ్యూటీలో ఉండి కూడా ఆరాధన చూడగలుగుతున్నారంటే ఆ మిషన్ చలవే. పెద్ద కంపెనీల వీడియో సైట్లలో ప్రార్థన మధ్యలో సబ్బుల ప్రకటనలు వస్తున్నాయని ఆయనకి ఒళ్ళు మండింది. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నుంచి రిటైరవగానే కూర్చుని సర్వర్ ప్రోగ్రాం సొంతంగా రాసుకున్నాడు. నర్సాపురం మొండితనం ఎక్కడికి పోతుంది!

ఆ ప్రోగ్రాంలో ఒక జబ్బుంది. చూసే ఒక్కొక్కరికీ అది మెమరీలో కాస్త చోటిస్తుంది, దాన్ని ఆయన కుర్చీ అంటాడు. నర్సు లిఫ్టు ఎక్కితే సిగ్నల్ పోతుంది. పాపం, మళ్ళీ వస్తుంది కదా అని, ఆమె కుర్చీ తీసెయ్యకుండా, ఈలోగా వచ్చిన బొమ్మంతా ఆమె కోసం దాచి ఉంచేలా రాశాడు. తీరా తిరిగొచ్చిన ఫోను కొత్త మనిషిలా వేరే కుర్చీలో కూర్చుంటుంది. పాత కుర్చీ దాచిన బొమ్మతో సహా అలాగే ఉండిపోతుంది. అలా మెమరీ నిండి నిండి మిషన్ కూలబడుతుంది. ఇంకెవరైనా అయితే ప్రోగ్రాంలో ఇంత జాలి పెట్టేవారు కాదు. దాన్ని సరిచేయడం మానేసి, ఆయన ప్రతి ఆరాధనకీ ముందు మిషన్ ఆపి మళ్ళీ వేసేవాడు.

"మీ మిషన్‌కి స్నానం అయ్యిందాండీ?" అని ఫ్లోరా ఎగతాళి చేసేది.

జనవరిలో కెరెన్ వాళ్ళమ్మ పోయింది. కెరెన్ గ్రేటర్ నోయిడాలో నర్సు, ఆ తల్లికి ఒక్కగానొక్క కూతురు. పొగమంచుకి విమానాలు ఆగిపోయి ఢిల్లీ ఎయిర్‌పోర్టులో నేలమీదే కూర్చుండిపోయింది. సొంతూళ్ళో శరీరాన్ని ఉంచే వీల్లేక ఆ సాయంత్రమే భూస్థాపన అన్నారు.

"మీ సర్వర్‌లో పెట్టరా అంకుల్?" అని ఫోన్‌లో అడిగింది. కాదంటాడా? ఊళ్ళో ఆమె మేనమామ కొడుకు ఎరిక్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

పొద్దున్నుంచీ నడుస్తోంది. కువైట్ నుంచి, హైదరాబాద్ నుంచి చుట్టాలు వస్తున్నారు, పోతున్నారు, మళ్ళీ వస్తున్నారు. ఖాళీ కుర్చీలు పేరుకుపోయాయి. ఈ లెక్కన సరిగ్గా పెట్టె మూత వేసే వేళకే మిషన్ ఆగిపోతుందని జాన్‌బాబుకి తెలిసిపోయింది. ఇప్పుడే ఆపి వేద్దామంటే, ఎరిక్ ఫోను తిరిగి కలుస్తుందన్న నమ్మకం లేదు, ఆ ఊరి సిగ్నల్ అలాంటిది. కెరెన్‌కి ఫోన్ చేశాడు.

"అమ్మా, మధ్యలో కాసేపు కట్టెయ్యాలమ్మా. లేపోతే మొత్తానికే పోద్ది. ఏది వదులుకుంటావో నువ్వే చెప్పు."

ఎయిర్‌పోర్టు రొదలోంచే కెరెన్ చెప్పింది.

"అయ్యగారి వాక్యం వదిలేస్తానంకుల్. అమ్మ మొహం మాత్రం వదల్లేను."

ఊళ్ళో పాస్టరుగారు బైబిలు తెరవగానే జాన్‌బాబు మిషన్ ఆపేశాడు. మళ్ళీ వేస్తే ఎరిక్ ఫోను కలవలేదు. ఇంకోసారి వేశాడు, కలవలేదు. ఫ్లోరా వంటింట్లోంచి వచ్చి, ఈసారి ఎగతాళి చెయ్యకుండా, ఆయన వెనక నిలబడి కళ్ళు మూసుకుంది.

"ప్రహరీ గోడెక్కి నిలబడరా ఎరిక్, నీకు పుణ్యముంటుంది!" అని ఆయన ఫోన్‌లో బతిమాలాడు. మాటకి అందుతున్న సిగ్నల్ బొమ్మకి చాలడం లేదు.

వాక్యం అయిపోయి పాట ఎత్తుకున్నాక బొమ్మ వచ్చింది. మూత ఇంకా వెయ్యలేదు. ఎరిక్ గోడ దిగి, జనాన్ని తప్పించుకుంటూ పెట్టె దగ్గరకొచ్చాడు. తెల్లచీరలో ఆ తల్లి మొహం కనిపించింది. చూస్తున్నవాళ్ళ పేర్లలో కెరెన్ పేరు ఉంది. జాన్‌బాబు కళ్ళద్దాలు తీసి ఏడ్చేశాడు.

మూత వేశారు, మట్టి పోశారు, ఎరిక్ ఫోను కట్టేశాడు. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నల్లటి తెర ముందు కెరెన్ ఒక్కతే ఉండిపోయింది. కాసేపటికి ఆమే ఫోన్ చేసింది.

"ఇంకేమన్నా వస్తుందా అంకుల్?"

ఉండమ్మా, చూద్దాం అనబోయాడు. ఎవరికీ అయిపోయిందని చెప్పలేకే కదా ఆ ప్రోగ్రాం అలా రాసుకున్నది.

"లేదమ్మా. అయిపోయింది. అక్కడొక్కదానివీ కూర్చోకు, మా ఇంటికొచ్చెయ్. ఆంటీ అన్నం పెడద్ది."

"ఠీక్ హై అంకుల్," అంది కెరెన్.

తెరమీద ఆమె పేరు పోయింది. కుర్చీ మాత్రం, మిషన్ అలవాటు కొద్దీ, అట్టే పెట్టుకుంది. జాన్‌బాబు కళ్ళద్దాలు తుడుచుకుని, వెళ్ళినవాళ్ళ కుర్చీ తీసేసే లైను రాయడానికి కూర్చున్నాడు. ఫ్లోరా అప్పటికే ఇంకో గిద్దెడు బియ్యం కడుగుతోంది.