దానియేలు గిటారుకు పెట్టిన దీపాలు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను మార్కాపురం దగ్గర ఒక చిన్న రైల్వే స్టేషన్‌కు బదిలీ చేశారు. హోదా సీనియర్ టెక్నీషియన్, సిగ్నల్ విభాగం. నా పైన జూనియర్ ఇంజనీరు, నాకు సాయంగా ఒక అసిస్టెంటు. సిగ్నళ్లు, పాయింట్లు, వాటిని కలిపే తీగలు, ఇవన్నీ పనిచేస్తున్నాయని పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టడం నా పని. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి.

స్టేషన్ ఊడ్చే కాంట్రాక్టు పనిలో మార్తమ్మ అనే ఆవిడ ఉండేది. తర్లుపాడు వైపు పల్లె. ఒక రోజు స్టేషన్ మాస్టర్ గదిలో నేను ప్యానెల్ పరీక్షిస్తుంటే చీపురు పక్కన పెట్టి నిలబడింది. ప్యానెల్ అంటే స్టేషన్‌లోని లైన్లన్నీ గీసిన పెద్ద బల్ల; ఏ లైను ఎటు కలిసిందో దాని మీది చిన్న దీపాలు చెబుతాయి.

"సార్, బయటికి పోయి చూడకుండానే ఈ లైట్లతో అంతా తెలుస్తాదా?" అని అడిగింది.

తెలుస్తుందన్నాను.

"అట్లయితే చెవులు సరిగ్గా వినపడని మనిషికి గూడా ఇట్లాంటి లైటు పెట్టొచ్చా?"

ఆ మనిషి ఆమె భర్త దానియేలు. ఇరవై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ దగ్గర పనిచేశాడు. ఆ మోతకు చెవులు దెబ్బతిన్నాయి. లావు శబ్దం వినిపిస్తుంది, సన్న శబ్దం వినిపించదు. అతను తమ పల్లె చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం గిటారు తీసుకుని ఇద్దరూ నా క్వార్టర్స్‌కు వచ్చారు. దానియేలుకు యాభై దాటి ఉంటాయి. తనకు వినబడదు కాబట్టి మనకూ వినబడదేమో అన్నట్టు గట్టిగా మాట్లాడేవాడు. గిటారు తీగల కింద రెండు పికప్‌లు ఉంటాయని అతనే నాకు చూపించాడు. తీగ కదలికను పట్టి స్పీకరుకు పంపే అయస్కాంతపు ముక్కలవి. మెడ దగ్గరిది మెత్తగా పలుకుతుంది, కింది వైపుది పదునుగా. ఏది పలకాలో ఒక చిన్న మీట నిర్ణయిస్తుంది. మధ్యలో పెడితే రెండూ పలుకుతాయి. వాయిస్తుండగా చెయ్యి తగిలి ఆ మీట జరిగిపోతుంది. చెవులు బాగున్నవాడికి వెంటనే తెలుస్తుంది. దానియేలుకు తెలియదు.

"ప్రార్థన పాటలో రెండుసార్లు కీచుమన్నాదంట అన్నా. నాకు తెల్వలే. జనం చెవులు మూసుకున్నారంట" అన్నాడు.

పాస్టరుగారు మెత్తని మనిషే. అయినా, వచ్చే నెల మూడు రోజుల సభలకు బయటి ఊళ్లవాళ్లు వస్తారు కాబట్టి ఈసారి గిటారు వద్దు, కీబోర్డుతో సరిపెడదామని అన్నారట. ఒకసారి పక్కన పెడితే మళ్లీ పిలవరని దానియేలు భయం. ఫ్యాక్టరీలో అతన్ని తీసేసి అప్పటికి ఏడాది. చేతిలో మిగిలింది ఆ గిటారొక్కటే.

నేను గిటారు ముట్టుకోవడం అదే మొదటిసారి. అందుకని లోపల శబ్దాన్ని మోసే వైర్ల జోలికి పోలేదు. మీటకు అటూ ఇటూ రెండు చిన్న స్విచ్‌లు బిగించాను. మీట ఎటు ఒరిగితే ఆ స్విచ్ నొక్కుకుని అవతలి దీపం ఆరి, అటువైపు దీపం ఒక్కటే వెలుగుతుంది, మధ్యలో ఉంటే రెండూ వెలుగుతాయి. దీపాలకు బ్యాటరీ వేరే. మెత్తని పికప్‌కు ఆకుపచ్చ, పదునుదానికి పసుపు. ఎరుపు పెట్టలేదు, మా వృత్తిలో ఎరుపంటే ఆగమని. వాయించేవాడి కళ్లకు ఎదురుగా ఉండేలా రెంటినీ గిటారు పై అంచున పెట్టాను. బాగా కుదిరిందనుకున్నాను. మార్తమ్మ మాస్టరుగారిని కూడా పిలిచి చూపించింది.

తర్వాతి ఆదివారం ఆరాధనకు నన్ను రమ్మన్నారు. వెనుక వరుసలో కుర్చీ వేశారు. మూడో పాట నెమ్మదైనది. దానియేలు మీట జరిపాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. అతను కళ్లు మూసుకుని వాయించసాగాడు. గిటారు మాత్రం పలకలేదు. పాట, డోలక్, చప్పట్ల మధ్య తన గిటారు మూగబోయిన సంగతి అతనికి తెలియలేదు. ఒక చరణమంతా అలాగే వాయించాడు. పిల్లలు నవ్వారు. చివరికి ఆడవాళ్ల వైపు నుంచి మార్తమ్మ లేచి చెయ్యి ఊపింది. అతను వేళ్లు ఆపి, ముందు ఆమెను, తర్వాత దీపాన్ని చూశాడు. అది ఇంకా వెలుగుతూనే ఉంది.

నేను తలెత్తలేకపోయాను.

మర్నాడు సాయంత్రం గిటారు పట్టుకుని వచ్చాడు. దీపాలు పీకేయమంటాడనుకున్నాను. తిట్టినా పడాలనుకున్నాను. అతను గిటారు నా ముందు పెట్టి కూర్చున్నాడు.

"అన్నా, లైటు బాగానే ఎలిగింది. కానీ లోపల తీగ కలిసినాదని ఆ లైటుకు ఎవురు చెప్పినారు?"

గిటారు విప్పి చూశాను. మీట కింద గిటారుకు మొదటినుంచీ ఉన్న పాత స్విచ్‌లో రేకు అరిగిపోయి ఎదుటి రేకుకు ఆనలేదు. నా దీపం మాత్రం మీట ఒరిగినందుకే వెలిగింది. పాయింటు విషయంలో మేము ఎప్పుడూ చేయకూడని పని అదే. పాయింటు అంటే బండి ఒక లైనులోంచి ఇంకో లైనులోకి మళ్లే చోటు. మాస్టరు బటన్ నొక్కినంత మాత్రాన ప్యానెల్ మీద దీపం వెలగదు. పట్టా నిజంగా జరిగి, పక్క పట్టాకు ఆని, తాళం పడ్డాకే వెలగాలి. దీన్ని డిటెక్షన్ అంటారు. ముప్పై ఏళ్లుగా కొత్తవాళ్లకు నేను నేర్పిన మొదటి పాఠం అదే.

తప్పు నాదని చెప్పాను. దానియేలు పెదవులు చూస్తూ విన్నాడు.

"పాత స్విచ్ చెడిపోయినాదని పాస్టరయ్యకు చెప్పినా. నీ పేరు చెప్పలే. సభలకు ఇంకా పది దినాలుంది. సరిజెయ్యి అన్నా" అన్నాడు.

నమ్మి ఇచ్చిన వస్తువు నలుగురిలో పరువు తీశాక కూడా దాన్ని మళ్లీ నా చేతికే ఇచ్చిన మనిషి నాకు తెలిసి అతనొక్కడే.

గుంటూరు నుంచి కొత్త స్విచ్ తెప్పించాను. అందులో రెండు జతల రేకులుంటాయి, ఒకటి శబ్దానికి, ఒకటి దీపానికి. మీట నేరుగా తగలకుండా దీపం రేకును కాస్త పక్కకు వంచాను. శబ్దం రేకు జరిగి, ఎదుటి రేకుకు గట్టిగా ఆనాక, ఇంకాస్త ముందుకు కదిలి మధ్యలోని ఫైబరు ముక్కతో దీపం రేకును నెడుతుంది. శబ్దం రేకు వంగినా విరిగినా దీపం వెలగదు. రేకుల మధ్య సందు సరిచేయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. అప్పటికీ దీపాన్ని పూర్తిగా నమ్మొద్దని దానియేలుకు చెప్పాను. ప్రతి ఆదివారం ముందుగా ఒక్కో పికప్ మీద స్క్రూడ్రైవరుతో తట్టాలి, స్పీకరులో టక్కుమన్నదీ లేనిదీ మార్తమ్మ విని చెప్పాలి. పాస్టరుగారు ఆ పరీక్ష స్వయంగా చూసి సభలకు ఒప్పుకున్నారు.

సభల రెండో రోజు నేను వెళ్లాను. పాట మధ్యలో దానియేలు మీట జరిపితే దీపం వెలగలేదు. అతను వాయించడం ఆపి, మీటను వెనక్కి తెచ్చి మళ్లీ గట్టిగా నొక్కాడు. ఆకుపచ్చ వెలిగింది. అప్పుడు అందుకున్నాడు. గిటారు మెత్తగా, నిండుగా పలికింది. పాట అయ్యాక పాస్టరుగారు మైకులో అతని పేరు చెప్పారు. దానియేలుకు అది వినబడలేదు. పక్కనున్న డోలక్ మనిషి భుజం తట్టి చెప్పాడు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక నేను దూరపు పాయింట్ల దాకా నడవడం తగ్గించాను. ప్యానెల్ మీద దీపం చూసి రిజిస్టరులో సంతకం పెట్టిన రోజులున్నాయి. ప్రమాదం జరగలేదు. జరగకపోవడం నా గొప్ప కాదు. దానియేలు అడిగిన ప్రశ్న తర్వాత అలా ఒక్కసారి కూడా పెట్టలేదు. రిటైరైన రోజు వరకు ప్రతి పాయింటు దగ్గరికీ కర్ర పట్టుకుని నడిచి వెళ్లి, పట్టా ఆనిందో లేదో కళ్లతో చూశాకే కలం తీశాను.

ఈ వృత్తిలో నాకు నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వారిలో దానియేలును కూడా లెక్కపెడతాను. దీపం పెట్టడం తేలిక. అది చెప్పేది నిజమో కాదో చూడటమే ఉద్యోగం.