కుప్పం వాళ్ళు తిన్న తోటకూర

ఆ రోజుల్లో నాకు భయపడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. డిగ్రీ అయిపోయింది, చేతికి కొత్తగా స్మార్ట్‌ఫోన్ వచ్చింది, ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి. దగ్గొచ్చినా ఫోన్‌లో వెతికి, ఒక జబ్బుతో కూర్చుని పది జబ్బులతో లేచేదాన్ని. మదనపల్లెలో మా మిద్దెపైన అవ్వ పాత పెయింటు డబ్బాల్లో తోటకూర పెంచేది. పుంగనూరు మామ తెచ్చిన సంబంధం వాళ్ళు కుప్పం నుంచి నన్ను చూడటానికి వచ్చిన రోజు, ఆ తోటకూరతోనే పప్పు చేసి సంగటితో పెట్టింది. అబ్బాయి తల వంచుకుని తిన్నాడు (పెళ్ళిచూపుల్లో ఆ పని నాదనుకున్నాను). వాళ్ళమ్మ మాత్రం మిద్దెపైకెక్కి మొక్కలన్నీ చూసొచ్చి, పప్పు రెండుసార్లు వేయించుకుంది. అబ్బాయి నాకు నచ్చాడు. చిక్కంతా అక్కడే.

మర్నాడు నీళ్ళు పోయడానికి వెళ్ళి, ఎందుకో ఒక ఆకు తిప్పి చూశాను. పైన పసుపు మచ్చలు, అడుగున సున్నం చిలకరించినట్టు తెల్లటి బొబ్బలు. ఇంకో డబ్బా చూశాను, అంతే. తెల్లమచ్చ అంటే నాకు ముందు బొల్లి తోచింది, ఫోన్‌లో వెతికేసరికి అది ప్రాణాల దాకా పోయింది. మేం తిన్నాం సరే, కుప్పం వాళ్ళు తిన్నారే! ఆమె రెండుసార్లు తిన్నదే!

“అవ్వా, ఈ ఆకు తింటే ఏమవుతాది?” అన్నాను ఏడుపు గొంతుతో.

అవ్వకు చూపు సరిగా ఆనదు. ఆకును ముక్కు దాకా తెచ్చుకుని చూసి, నాకన్నా ఎక్కువ బెదిరింది. “తెగులు పట్టుండాదే! నోరెత్తొద్దు పాపా. ఇంటికొచ్చినోళ్ళకి తెగులాకు పెట్టినామని తెలిస్తే మన పరువుంటాదా?” ఆమె భయం పరువు గురించి, నాది ప్రాణాల గురించి. నాన్న చూడకుండా ఇద్దరం మొక్కలన్నీ పీకి గోనెసంచిలో కుక్కేశాం.

కుప్పం నుంచి ఫోన్ లేదు. “నచ్చలేదేమోలే” అని నాన్న అంటుంటే, అందరూ ఆస్పత్రిలో ఉన్నారేమోనని నాకు చెమటలు. ఒకరోజు నా మోచేతి మీదే తెల్లమచ్చ కనబడింది. అద్దం ముందు కూలబడిపోయాను. (అది ముగ్గుపిండి. కడిగితే పోయింది. కడగాలని తోచేసరికి మధ్యాహ్నమైంది.)

చివరికి ఫోన్ మోగింది. “ఆయమ్మ నీతో మాట్లాడాలంట” అని నాన్న నా చేతికిచ్చాడు.

“ఏం లేదమ్మా, మీ తోటకూర ఆకు ఎనక తెల్లంగా ఉండె గదా, ఆ పొద్దే సూసినా. మా మిద్దెమీద కూడా అదే తెగులు. మీ అవ్వ ఏం మందు కొడతాదో అడుగుదామని.”

“అమ్మా, మీరు... అందరూ బాగుండారా?”

“మాకేమమ్మా! తెల్లగుండే ఆకులు ఏరేసి, మిగతాది వండుకుంటాండాము. యాల అట్లడుగుతావు?”

అంతే, బావురుమన్నాను. వెనకనుంచి ఫోన్‌కి చెవి ఆనించి వింటున్న అవ్వ, “పీకేసినామని సెప్పు!” అని పొడుస్తోంది. వెక్కుతూనే, “మొక్కలన్నీ... పీకేసినాము” అన్నాను.

ఆ ఏడుపే నా పెళ్ళి ఖాయం చేసింది. తోటకూర మొక్కలు పోయినందుకే ఇంత ఏడ్చే పిల్ల మనుషుల్ని ఎంత బాగా చూసుకుంటుందో అని ఆమె పుంగనూరు మామతో చెప్పిందట. ఇప్పుడు కుప్పంలో మా మిద్దెపైన అత్తమ్మా నేనూ కలిసే ఆకులు తిప్పి చూస్తుంటాం. ఆకు తడపకుండా మొదట్లోనే నీళ్ళు పోయడం నేర్పిందీ ఆమే. తెల్లబొబ్బ ఒక్కటి కనబడినా నా చెయ్యి తనంతట తానే మోచేతి మీదికి పోతుంది. అత్తమ్మ జాలిగా నా ముఖంలోకి చూసి, “పోనీలేమ్మా, ఒక ఆకే గదా, ఏడవొద్దు” అంటుంది. ఆనాటి వెర్రిపిల్లను తలుచుకుని లోపల నవ్వొస్తున్నా, ముఖం మాత్రం దిగులుగానే పెట్టుకుంటాను.