కిటికీ లేని గుడిసె

అరవైల్లో హొసూరు దగ్గర, బెంగుళూరు రోడ్డు పక్కన ఒక హోటలు కడుతుండిరి. గోడలకు మట్టి మెత్తే పనికి నేనూ మా అత్తా పోతుంటిమి. కప్పు వేసే పని మా పల్లె మగవాళ్ళది. కట్టించే ఇంజనీరుకు సిమెంటు పెట్టెల్లాంటి గదులు నచ్చవు. ఈ పక్క ఇళ్ళు ఎట్లుంటాయో హోటలూ అట్లే ఉండాలని మా పల్లెకొచ్చి అరుగులు, వాకిళ్ళు కొలుచుకొని పోయినాడు.

ఒకరోజు కాగితం పరిచి కొత్త గదుల బొమ్మ చూపించినాడు. అప్పటికి నాకు అక్షరాలు రావు. బొమ్మ మాత్రం తెలిసింది. గుండ్రటి గోడ, వంగి దూరే వాకిలి, కిందికి వంగిన గడ్డి కప్పు. నెలనెలా ముట్టయిన ఆడవాళ్ళం ఊరి బయట కూర్చునే గుడిసె అది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇది ఎవరిదంటే మీవాళ్ళు ఎవరిదీ కాదన్నారమ్మా. ఎంత అందంగా ఉందో. ఇట్లాంటివే వరసగా కడదాం," అన్నాడు.

మా మగవాళ్ళు ఆ గుడిసె నీడ కూడా తొక్కరు. గడ్డి మోపులు దించి, చెట్టు కింద బీడీలు ముట్టించి కూర్చున్నారు. మరునాడూ అంతే. ఇంజనీరు బద్ధకమనుకొని, తళి ఊరి నుంచి వేరే మనుషులను పిలిపిస్తానన్నాడు. వాళ్ళొస్తే మా అందరి పనీ పోతుంది.

మా అత్త మోచేత్తో పొడిచింది. "చెప్పు పో."

"నువ్వే చెప్పత్తా. నాకు సిగ్గు."

"నాకు నిలిచిపోయి ఎన్నేండ్లాయె. ఆ గుడిసె ఇప్పుడు నీదే."

నేల చూస్తా చెప్పినాను. "అయ్యా, అది మేము ముట్టయితే కూర్చునేది. మగోళ్ళు దాన్ని తాకరు." చెట్టు కింద అందరూ అటు తిరిగి కూర్చున్నారు. ఇంజనీరు చెవులు ఎర్రబడినాయి. కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచినాడు.

"మరి కిటికీ లేదేమమ్మా? లోపల గాలెట్లా?"

చెప్పేటప్పటి సిగ్గుకంటే ఆ మాటకు ఎక్కువ సిగ్గయింది. మా అత్త, ఆమె అత్త, అందరూ ఆ చీకట్లోనే కూర్చుని లేచినవాళ్ళు. ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఆయన గుండ్రటి గదులు మానలేదు. వాకిలి ఎత్తు చేసి, పెద్ద కిటికీ పెట్టినాడు. గడ్డి బదులు పెంకయితే వేస్తామన్నారు మావాళ్ళు. వేసినారు.

మళ్ళీ నెల గుడిసెకు పోయినప్పుడు కొడవలి మొనతో గోడకు పిడికెడంత బొక్క పెట్టినాను. గాలి వచ్చింది. మా అత్త అన్నం తెచ్చి దూరంగా పెట్టి, ఆ బొక్కనే చూసింది.

"ఇంకొంచెం పైన పెట్టాల్సింది. దోవన పోయేవాళ్ళకు నీ మొఖం కనిపిస్తాది," అంది.

ఆమె పోయినాక కొంగు తీసి బొక్కకు అడ్డం పెట్టుకున్నాను.