ఒక్కడి ఆటను ఇద్దరం ఆడిన మంగళవారాలు

ఆ మంగళవారం ఉదయం పదకొండుంబావుకు కరెంటు వచ్చింది. అన్న అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతను తిరుపతిలో ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేసేవాడు. రద్దీ తగ్గే మంగళవారమే అతనికి సెలవు. పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు వచ్చేవాడు. నేను డిగ్రీ చదువుతున్నాను. రెండువేల మూడులో మా ఇంటికి ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ వచ్చింది. అందులో కథ ఉన్న ఆటొకటి ఆడేవాళ్లం.

అది ఒక్కరి కోసం చేసిన ఆట. తప్పిపోయిన కూతురిని వెతుక్కుంటూ ఒక మనిషి మూసేసిన గనిలోకి దిగుతాడు. ఇద్దరు ఆడే ఏర్పాటు అందులో లేదు. మేమే చేసుకున్నాం. కీబోర్డు అన్నది, మౌస్ నాది. అతను ఆటలోని మనిషిని నడిపిస్తే నేను మౌస్‌తో ఆ మనిషి తల తిప్పి చూసేవాణ్ణి, తుపాకీ పేల్చేవాణ్ణి. తెర మీద ఇంగ్లీషు మాటలు వస్తే ఆట ఆపి అన్నకు తెలుగులో చెప్పేవాణ్ణి.

"ఒగ బండికి ఇద్దురు డ్రైవర్లంట. యాడో గుంతలో ఏస్తారు," అనేది అమ్మ మా వెనకనుంచి పోతూ.

ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకు పోకూడదని మాట అనుకున్నాం. నేనే తప్పాను. ఒక శుక్రవారం కాలేజీ లేదు. కూతురు బతికి ఉందో లేదో తెలుసుకోవాలని ఒక్కడినే ఆడాను. తర్వాత మళ్లీ పాత చోటినుంచే మొదలయ్యేలా పెట్టి ఊరుకున్నాను.

ఆ మంగళవారం కరెంటు వచ్చాక అన్న పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆటలో గనిలోని ఒక గదిలోకి అడుగు పెట్టగానే నా చెయ్యి మౌస్‌ను ఎడమ మూలకు తిప్పింది. అక్కడ ఎవరూ లేరు. ఒక్క క్షణం తర్వాత శత్రువు వచ్చాడు.

"వాడు ఆ మూలనుంచి వస్తాడని నీకెట్ల తెలిసె?"

"ఊరికే తిప్పినా."

"నిన్ను ఎత్తుకోని తిరిగినోన్నిరా నేను. సెప్పు, ఎంత దూరం పోయినావు?"

"గని ఆఖరు దాకా."

"ఆ బిడ్డ ఉండాదా?"

నేను నోరు తెరిచాను.

"వొద్దు, సెప్పొద్దు." లేచాడు. "నువ్వు సినిమా సూసొచ్చినావు. నేను టిక్కెట్లు చింపేటోని మాదిరి పక్కన కూచోవల్లా? నీ కత నువ్వే ఆడుకో పో."

మధ్యాహ్నం బస్సుకే తిరిగి పోతానంటూ చెప్పులేసుకున్నాడు. పోతే మళ్లీ ఆ కుర్చీలో కూర్చోడని నాకు తెలుసు. అన్న కోపం అరిచి చల్లారేది కాదు.

"మౌస్ నువ్వు పట్టుకో అన్నా," అన్నాను. "నువ్వు యాడ సూస్తే ఆడికే నడస్తా. తెలిసిన దారైనా నువ్వు సూడందే అడుగెయ్యను. సచ్చినా పరవాలేదు."

"సచ్చేది నువ్వు కాదు గదా, ఆ గనిలో ఉండే నాయన," అన్నాడు. కానీ చెప్పులు విడిచాడు.

ఆ రోజు చాలాసార్లు చచ్చాం. ఎదురుగా మందుపాతర ఉందని తెలిసీ కీ నొక్కాను. సాయంత్రానికి కూతురు కనిపించింది. ఆమె మాటలు నేను తెలుగులో చెబుతుంటే అన్న తెరను వదిలి నా వైపు చూశాడు.

"నిజంగా అట్లే అనిందా, నువ్వు కలిపినావా?"

"అట్లే అనింది."

కొన్నేళ్లకు ఇద్దరు కలిసి ఆడే కథల ఆటలు వచ్చాయి. నెట్ సెంటర్‌లో రెండు కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకటి ఆడాం. చెరొక మనిషి, చెరొక తుపాకీ. ఆటలో ఒకామె చెబుతున్న మాటలను నేను చదవడం మొదలుపెట్టేసరికి అన్న మనిషి ఆ ఆటలోనే పక్క వీధిలో ఉన్నాడు. "ఆయమ్మను బిరీన ముగించమను రా, ఈడ నన్ను కాలస్తా ఉండారు!" అని అన్న అరిచాడు. నవ్వుకున్నాం. కథ ఏమిటో ఇద్దరికీ తెలియలేదు.

పందేల ఆటల్లో, యుద్ధాల ఆటల్లో ఎంతమంది ఉన్నా బాగానే ఉంటుంది. కథ చెప్పే ఆటలో రెండో ఆటగాణ్ణి పెట్టాలా అని అడిగితే మాత్రం వద్దనే అంటాను. కథలో మనిషి ఒంటరివాడైతే అతణ్ణి అలాగే ఉండనివ్వాలి. వెంట ఇంకో తుపాకీ ఉంటే గనిలో భయం ఉండదు. తోడు కావాలనుకున్నవాళ్లు ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

అన్న గుండెపోటుతో పోయేనాటికి మేము ఒక్కరి కోసం చేసిన ఇంకో ఆట సగంలో ఉన్నాం. వదిలేద్దామనుకున్నాను. వదల్లేదు. కథలో మనిషిని ఒంటరిగానే ఉండనివ్వాలని ఇన్నేళ్లు వాదించినవాణ్ణి నేనే. పెద్దకర్మ అయ్యాక కూర్చుని, కీబోర్డు, మౌస్ రెండూ పట్టుకుని ఆఖరు దాకా ఆడాను. ఇప్పుడు మా ఇంట్లో తెర మీది మాటలను నేను ఎవరికీ తెలుగులో చెప్పను.