వాకిట్లో బురద పాదాలు

మొన్న పొద్దున మా పక్కచేను అక్క పోయింది. కబురు వినగానే ఏడుపు రాలేదు. గుండెల మీది బరువేదో దిగినట్టయింది. ఆమె ఈ ఊళ్లోనే, తన మంచం మీదనే పోయింది.

అక్కావాళ్లది ఆంధ్రలో కృష్ణ ఒడ్డు. కొడకండ్ల దగ్గర మా ఊరికొచ్చి, మా చేను పక్కన భూమి కొనుక్కున్నారు. నేను మాట తక్కువ మనిషిని. గట్టు మీద కనబడితే చాలు, అక్క నవ్వేది: "ఏం తమ్ముడూ, నువ్వు మాట్లాడితే వాన ఆగిపోద్దా?"

నాట్లు వేసినవాళ్లకు తెలుసు, మా దిక్కు బదులు పోతాం. ఇవ్వాళ మీ మడిలో అందరం దిగితే, రేపు మా మడిలో. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడాది మా నాటుకు అక్క వచ్చింది. ఆమె వంతు వచ్చేసరికి, ఆంధ్రవాళ్ల మడిలో ఎవరూ దిగొద్దని ఊళ్లో అనుకున్నారు. నేనూ ఊఁ అన్నాను. మా తమ్ముడు చదువుకుని ఖాళీగా ఉన్నాడు. కొలువులన్నీ బయటివాళ్లకే పోతున్నాయన్న మంట నాకూ ఉండేది.

అక్కావాళ్ల నారు ముదరసాగింది. ఊరు విడిచిపోదామని ఇంట్లో సామాను మూటలు కట్టారు. ఒకనాడు అక్క నన్ను గట్టు మీద ఆపింది.

"మీ కోపంలో న్యాయముంది తమ్ముడూ. నా నారేం చేసింది?"

తల దించుకుని ఇంటికొచ్చాను. విషయం విని నా భార్య ఊరుకోలేదు.

"మన నాటుకు ఆమె నడుం వంచలే? నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత."

తెల్లారి ఇద్దరం అక్క మడిలో దిగాం. నా భార్య నాటుతుంటే నేను నారు కట్టలు మోశాను. మా మేనమామ గట్టు మీద ఆగాడు.

"ఏందిరా, ఆంధ్రోళ్ల నారు మోస్తున్నవా?"

నేను ఇంకో కట్ట ఎత్తుకున్నాను. నా భార్యే అంది: "నువ్వు గూడ రెండు కట్టలందుకో మామా, నీ నడుం నొప్పి పోతది."

తిట్టుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి అత్తను పంపాడు. ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు. పొద్దుగూకేసరికి నాటు అయిపోయింది, అక్క మూటలు విప్పింది.

ఆ తర్వాత ఎన్నేళ్లయినా నన్ను అడుగుతూనే ఉండేది: "తమ్ముడూ, నేను చచ్చిపోతే మీ ఊళ్లో ఎవరన్నా వస్తారా?" నవ్వుతూనే అడిగేది.

మొన్న నాట్లు జోరు మీదున్నాయి. కబురు అందగానే ఆడవాళ్లు మడుల్లోంచి గట్టెక్కి అట్లాగే వచ్చేశారు. అక్క వాకిట్లో నిలబడడానికి చోటు లేదు.

పాడె లేచాక వాకిలి కడగాలి గదా. అక్క కోడలు బిందె ఎత్తింది. పాడె వెంట నడవలేక ఆగిపోయిన నేనే ముందుకు పోయాను.

"జరసేపు ఉండనియ్యి బిడ్డా."

ఆమె బిందె దించింది. గడప దాకా అన్నీ బురద పాదాలే. ఎండకు అంచులు తెల్లబడుతున్నాయి.