కాలువ కట్ట మీద రెండు కార్లు

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో మనుషులు రెండే రకాలు. అంబాసిడర్ మంచిదనేవాళ్ళు ఒక రకం, మారుతి మంచిదనేవాళ్ళు ఇంకో రకం. ఇందులో చాలామందికి సైకిలుకు మించిన వాహనం ఉండేది కాదు (నాకైతే ఆ సైకిలు కూడా నాన్నది). అయినా బస్టాండు ముందు హోటల్లో చాయ్ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళం. లారీ వచ్చి గుద్దినా అంబాసిడర్‌కు ఏమీ కాదు, లారీయే షెడ్డుకు పోవాలని ఒకడు. మారుతికి పెట్రోలు వాసన చూపిస్తే చాలు, హైదరాబాద్ చేరుతుందని ఇంకొకడు. కిరాయికి జీపు తిప్పే ఆయన మాత్రం రెండు వైపులా వినీ వినీ, "మీ రెండు బండ్లు బురదల కూరుకపోయినంక నా తానికే వస్తరు గద" అని బీడీ ముట్టించుకునేవాడు. అదంతా ఉత్త కాలక్షేపం. ఆ కాలక్షేపంలో నాకు కుదరబోయిన పెళ్ళి ఒకటి కొట్టుకుపోయిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నేనూ నవ్వుతూనే చెబుతున్నాను, కాకపోతే నాకీ నవ్వు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా చిన్నాయనకు పురుగుమందుల దుకాణం ఉండేది. పత్తి బాగా పండిన ఒక ఏడాది ఆయన హైదరాబాద్ వెళ్ళి, ఎవరో వాడి వదిలేసిన తెల్ల మారుతి కొనుక్కొచ్చాడు. దుకాణం ముందు నిలబెట్టి, మందు డబ్బా కోసం వచ్చిన ప్రతి రైతుకూ ఒకసారి స్టార్టు చేసి చూపించేవాడు. "సూసినవా? ఒక్కటే సెల్ఫు. హ్యాండిల్ తిప్పుడు లేదు, ఎన్కనుంచి తోసుడు లేదు" అనేవాడు. ఊళ్ళో ఆయన పేరు సెల్ఫ్ చిన్నాయన అయిపోయింది. అప్పటికి నేను మార్కెట్ యార్డులో గుమస్తాగా చేరి ఆరు నెలలు కూడా కాలేదు. మిర్యాలగూడ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల డిగ్రీ చదివింది, తండ్రి లేడు, రైసుమిల్లు ఉన్న పెదనాన్న పెంచాడు, అన్నీ ఆయనే. బస్సులో వెళ్దామని అమ్మ నెమ్మదిగా అంది. చిన్నాయన ఆమె వైపు ఒక చూపు చూశాడు. "మొగపిల్లగాని తరపున పోతున్నం వదినా! బస్సు దిగి రుమాలుతోని మొకం తుడుసుకుంట పోతమా?"

అలా నలుగురం ఆ మారుతిలో బయలుదేరాం. చిన్నాయన నడిపాడు, పక్కన నాన్న, వెనక అమ్మా నేనూ, మా ఇద్దరి మధ్య పళ్ళ బుట్ట. ఇస్త్రీ నలుగుతుందని దారంతా నేను వీపు ఆనించలేదు. మిర్యాలగూడలో వాళ్ళ ఇంటి ముందు రేకుల షెడ్డులో నల్ల అంబాసిడర్ ఉంది. దాన్ని చూడగానే చిన్నాయన మొహంలో ఒక చిరునవ్వు వచ్చింది. మా కారును చూడగానే పిల్ల పెదనాన్న (ఊరంతా ఆయన్ను మిల్లు సేటు అనేవాళ్ళు) మొహంలోనూ సరిగ్గా అలాంటి చిరునవ్వే వచ్చింది. నాకప్పుడే అనుమానం వేయాల్సింది.

పిల్ల వచ్చి చాయ్ ఇచ్చి కూర్చుంది. నేను తలెత్తి చూసేలోపే సేటు కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నాడు. "కారు మంచిగనే ఉన్నది బావగారూ. రాత్రిపూట లోపటికి తెచ్చి మంచం కింద పెట్టుకుంటరా ఏంది?"

చిన్నాయన కప్పు కింద పెట్టాడు. "మీది సుత మంచి బండే బావగారూ. కాకపోతె దానెన్క పెట్రోలు డబ్బలు మోసుకుంట ఇంకో బండి రావాలె."

"తాగితె తాగనియ్యి. మోస్తది గద! మా మిల్లు హమాలీలు ఆరుగురిని ఎక్కించుకోని కాలువ కట్ట ఎక్కుతది. నీది ఎక్కుతదా?"

"అది ఎక్కేలోపల నేను కట్ట ఎక్కి, తిరిగొచ్చి, ఇంకో చాయ్ తాగుత."

"అట్లనా? అయితె లెవ్వు!"

నా జీతం, మా జాగా, గోత్రం ఏ ఒక్కటీ ఇంకా మాటల్లోకి రాలేదు. ఇద్దరు పెద్దమనుషులూ చెప్పులు తొడుక్కుని లేచారు. తమ్ముణ్ణి ఒంటరిగా పంపలేక నాన్న కూడా మారుతి ఎక్కాడు. సేటు మిల్లులోంచి ఆరుగురు హమాలీలను పిలిచి అంబాసిడర్‌లో కుక్కాడు. ఊరు పక్కనే సాగర్ ఎడమ కాలువ. రెండు బండ్లూ దుమ్ము లేపుకుంటూ అటు వెళ్ళిపోయాయి. అమ్మను ఆడవాళ్ళు వంటింట్లోకి తీసుకుపోయారు. హాల్లో నేను, పిల్ల, వాళ్ళ నానమ్మ మిగిలాం. నానమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "మాట్లాడుకోండ్రి బిడ్డా. ఆ కార్లోల్లు ఇప్పట్ల రారు" అని గోడ వైపు తిరిగింది.

పెళ్ళిచూపుల్లో పిల్లా పిల్లవాడూ మాట్లాడుకోవడమంటే ఆ కాలంలో పేరేమిటి, ఏం చదివావు, అంతే. మాకు దగ్గర దగ్గర రెండు గంటలు దొరికాయి. మొదట పది నిమిషాలు నేను గోడమీది క్యాలెండర్‌ను చదివాను. తర్వాత ఆ అమ్మాయే నవ్వాపుకుంటూ అడిగింది, "మీకు ఏ కారు ఇష్టం?" అని. నాకు సైకిలు తప్ప ఏదీ రాదని నిజం చెప్పాను. అప్పుడామె కొంచెం ముందుకు వంగి, నానమ్మకు వినపడకుండా చెప్పింది. "నాకొస్తది. పెదనాయిన ఊరికి పోయినప్పుడు మిల్లు ఆవరణల తిప్పుత. కాళ్ళు అందయి, ఎన్క మెత్త పెట్టుకుంట. వడ్లు ఎండబోసిన కాడికి పోంగనే గుండె దడదడమంటది."

"మరి మన పెండ్లయితె?" అనేశాను. (ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.)

"నేను తోల్త. మీరు పక్కకు కూసోని తొవ్వ చెప్పుండ్రి."

నానమ్మ భుజాలు కదిలాయి, నవ్వుతోంది. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నామో అన్నీ గుర్తులేవు. ఆమెకు లెక్కలంటే భయమని, మా యార్డులో మిరపకాయల ఘాటుకు నేను రోజంతా తుమ్ముతానని, ఇలాంటివే. వంటింట్లోంచి పప్పుచారు పోపు వాసన వచ్చింది. సంబంధం ఖాయం కాకుండా పిల్ల ఇంట్లో అన్నం తినకూడదు. అయినా వాళ్ళు వండుతున్నారంటే ఖాయమనే అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. అంత సంతోషంగా ఆకలి వేయడం నాకు అదే మొదలు.

కట్టమీద జరిగింది నాన్న తర్వాత చెప్పాడు. చిన్నాయన మాట ప్రకారమే ముందు వెళ్ళి, అవతల మలుపు దగ్గర చిన్న కారును చటుక్కున తిప్పుకుని ఎదురొచ్చాడు. సేటు అప్పుడే హమాలీలతో కట్ట ఎక్కి వస్తున్నాడు. ఒక్క బండి పట్టే దారి. రెండూ మూతికి మూతి పెట్టుకుని ఆగాయి. ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. "మొగపిల్లగాని తరపోల్లం. మేం ఎన్కకు పోతమా?" అని చిన్నాయన. "ఆడపిల్లోల్లమైతె ఈణ్నుంచే ఒంగాల్నా?" అని సేటు. ఇద్దరూ ఇంజన్లు ఆపి అద్దాలు ఎత్తుకుని కూర్చున్నారు. నాన్న దిగి అటూ ఇటూ బతిమాలి, ఎండకు తాళలేక మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. గంట గడిచాక సేటు హమాలీలను దింపి ఒకే మాట అన్నాడట: "లేపి పక్కకు పెట్టుండ్రి." రోజూ వడ్ల బస్తాలు మోసే చేతులు. ముందు మూతి లేపి జరిపారు, తర్వాత తోక లేపి జరిపారు. లోపల చిన్నాయన స్టీరింగు పట్టుకుని, నాన్న కళ్ళు మూసుకుని కూర్చునే ఉన్నారు. గడ్డిలో ఒద్దికగా దించేసి, "పైలం సారూ" అని కూడా అన్నారట. అంబాసిడర్ దర్జాగా ముందుకు పోయింది.

చిన్నాయన గుమ్మం లోపలికి రాలేదు. వాకిట్లోంచే కేకేశాడు. "వదినా, నడువుండ్రి! మనిషి కూసున్న కారును కోళ్ళగంప లేపినట్టు లేపుతరా? ఈల్లతోని మనకు వియ్యమా?" సేటు మీసం దువ్వుకున్నాడు. లోపల అప్పుడే విస్తర్లు పరుస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి నా వైపు చూసింది, నేనేదో అంటానని. నేను మా నాన్న వైపు చూశాను. నాన్న చిన్నాయన వైపు చూశాడు. అంతే, కారెక్కాం.

అమ్మకు పిల్ల ఎంతో నచ్చింది. నెల రోజులు పోయాక, "మల్లొకసారి అడుగుదామయ్యా" అని మరిదిని బతిమాలింది. "ముందుగాల ఆయిన మారుతి మంచి కారని ఒప్పుకోవాలె. అప్పుడు సూద్దాం" అన్నాడు చిన్నాయన. నేనూ ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి మిర్యాలగూడలో దిగాను. పెద్దవాళ్ళు లేకుండా ఏ మొహంతో వెళ్ళాలో తెలియక, వాళ్ళ వీధి మొదట్లో సోడా తాగి తిరిగొచ్చేశాను. సేటు ఏదో ఒకనాడు మెత్తబడి ఆ ఒక్క మాట అంటే చాలునని ఎదురుచూశాను. మా చిన్నాయన కంటే నేనే ఎక్కువగా ఎదురుచూశాను.

చలికాలంలో చిన్నాయన దుకాణానికి వచ్చిన మిర్యాలగూడ బియ్యం వ్యాపారి ఒకాయన మాటల మధ్యలో చెప్పాడు. మిల్లు సేటు తమ్ముడి కూతురికి పెళ్ళయింది, పెళ్ళికొడుకుది కోదాడ. కొత్త మారుతి కావాలని వాళ్ళు పట్టుబడితే సేటే స్వయంగా హైదరాబాద్ వెళ్ళి ఎర్రది కొని పెట్టాడట. పైగా బంతిపూలు కట్టిస్తూ, "ఏమన్న అను, గీ కారే మంచిది" అన్నాడట. చిన్నాయన గల్లాపెట్టె మీద చేత్తో కొట్టి లేచాడు. "అన్నడా? ఆయిన నోటితోనే అన్నడా?" అని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. వెంటనే హోటల్ నుంచి కిలో జిలేబీ తెప్పించి, దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ పంచాడు. సంతోషంలో నన్ను దగ్గరకు లాక్కుని, "సూసినవా బిడ్డా, మనమే గెలిసినం!" అన్నాడు.

వేడి వేడి జిలేబీ. తిన్నాను. ఇంకోటి తీసుకోమంటే అదీ తిన్నాను. వేళ్ళకంటిన పాకం నాకుతూ, గెలిచినవాళ్ళ మధ్య నిలబడి తల ఊపిన ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాణ్ణి తలచుకుంటే, నాకు ముందు నవ్వే వస్తుంది.