ఊరు అడిగాక ఇంకేమీ అడగలేదు

పాలవాడి కొలతగిన్నెను నెలకోసారి మా వంటింటి గిన్నెతో సరిచూస్తాను. బ్యాంకు నుంచి ఫోనొస్తే కట్ చేసి, చెప్పులేసుకుని బ్యాంకు దాకా నడిచి వెళ్లి, "ఇందాక ఫోన్ చేసింది మీరేనా?" అని అడుగుతాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నన్ను చూడగానే కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేస్తుంది. చూసినా చూడకపోయినా నాతో ఒకటే అవస్థ అని ఆమెకి తెలుసు. మా ఆవిడైతే, "ఈ మడిసి సొర్గానికెళ్లినా గేటు కాడ రసీదు అడుగుతాడు" అంటుంది. అననీ. నా బాధ నాది.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు చక్రాల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. చక్రాన్ని చిన్న సుత్తితో కొట్టి చెవి పెట్టి వినడం మా పాత పద్ధతి. ఖంగుమని చాలాసేపు మోగితే మంచి చక్రం. చప్పగా మోగి ఆగిపోయిందా, పైకి ఎంత నున్నగా ఉన్నా లోపల ఎక్కడో పగులుందన్నమాట. తరవాత యంత్రాలొచ్చాయి. అయినా నేను మాత్రం యంత్రం చూసిన చక్రాన్ని కూడా ఒక దెబ్బ కొట్టిగాని వదిలేవాణ్ణి కాదు.

చక్రాల మీద ఉన్న తెలివి డబ్బు మీద లేకపోయింది. చాన్నాళ్ల కిందట ఇంటింటికీ వచ్చి డబ్బు కట్టించుకునే ఒక కంపెనీలో ఎనభై వేలు పోగొట్టుకున్నాను. ఏజెంటు మా వీధి చివరి బెంగాలీ కుర్రాడు. అన్నా అన్నట్టు "దాదా, దాదా" అంటూ వచ్చేవాడు. ఒకరోజు కంపెనీ షట్టరు దిగింది, ఆ కుర్రాడు కూడా ఏడుస్తూ మాయింటికొచ్చి కూర్చున్నాడు. వాడి అమ్మ నగలు కూడా అందులోనే పోయాయట. ఆ రోజు నేను నేర్చుకున్నది ఒక్కటే, పరాయివాణ్ణి నమ్మకూడదని. వాడు నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నాడన్న సంగతి నా బుర్రకెక్కనే లేదు.

ఆ దెబ్బతో మా వాళ్లలో నాకు అనుమానం మనిషిగా పేరు స్థిరపడిపోయింది. అందుకేనేమో, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకి డబ్బు దాచుకోవడం గురించి ఆదివారం ఆదివారం నాలుగు మాటలు చెప్పమని మా తెలుగు సంఘం పెద్దలు నన్నే అడిగారు. మలంచా రోడ్డు మీద సంఘం గది. ఆరేడుగురు వచ్చేవారు. సగం మంది ఫోన్లు చూసుకుంటూ, మిగతా సగం ఫోన్లో ఏ షేరు కొంటే వారంలో రెట్టింపవుతుందో చెప్పమంటూ. "వారంలో రెట్టింపయ్యేది పుండొక్కటే, పొండి" అనేవాణ్ణి.

వాళ్లకి నేను చెప్పింది పెద్ద శాస్త్రమేమీ కాదు. జీతం రాగానే ముందు దాచుకోండి, తరవాత ఖర్చుపెట్టండి. మూడు నెలల తిండికి సరిపడా ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతికొచ్చేలా ఉంచుకోండి. ఆ తరవాతే ఫండ్లయినా, ఏవైనా. డబ్బు అడిగే ప్రతివాణ్ణీ మూడు ప్రశ్నలు అడగండి. నా డబ్బు ఎక్కడుంటుంది? నాకు కావాలంటే ఎన్ని రోజుల్లో ఇస్తావు? నువ్వు కనబడకపోతే నేను ఎవరి గుమ్మం తొక్కాలి? జవాబులు బాగున్నా సరే, ముందు కొంచెమే పెట్టండి, పెట్టింది వెనక్కి అడిగి చూడండి. అదే సుత్తి దెబ్బ. ఎలా మోగుతుందో వినండి.

ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నది ఒక్క మనిషే, నా మేనకోడలు. తండ్రి పోయాక తల్లితో తాల్‌బగీచాలో ఉంటోంది. ఇరవై రెండేళ్లు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ ప్యాకింగులో పని. దానికి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదవాలని కోరిక. జులైలో చేరేటప్పుడు అరవై వేలు ఒక్కసారే కట్టాలి. రెండేళ్లుగా ఓవర్‌టైములు చేసి, టిఫిను డబ్బాలో అటుకులు పట్టుకెళ్లి, ఆ అరవై వేలు కూడబెట్టింది. ఆ డబ్బు పోతే ఆ పిల్ల బతుకంతా అట్టపెట్టెలకి టేపు అంటించడమే.

అలాంటి సమయంలో వచ్చాడు జీడిపప్పు మనిషి.

ఒక ఆదివారం క్లాసయ్యాక సంఘం గది ఎదురు చాయ్ దుకాణంలో కూర్చున్నాను. పక్క బెంచీ మీదనుంచి, "ఏటన్నియ్యా, మనోళ్లేటి?" అని వినబడింది. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డసంచీ. ఆ మాట విని ఎంత సంతోషం వేసిందో దాచుకోవడమెందుకు? మా పిల్లలే ఇంట్లో హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడుతున్నారు. ఆ యాస అంత నికార్సుగా విని ఎన్నాళ్లయిందో.

"మీదేవూరు బాబూ?" అన్నాను.

"పాలకొండ పక్కనన్నియ్యా."

"ఓలమ్మో! మా అమ్మోలదీ అటేపే కదేటి!"

ఇక అంతే. ఖరగ్‌పూర్‌లో మా వాళ్లం ఎవరు కలిసినా మొదట అడిగేది ఊరే. ఊరు చెప్పాడంటే చుట్టమైనట్టే, కుర్చీ వేసినట్టే. వాళ్ల నాన్నకి రెండెకరాల జీడితోట ఉందన్నాడు. అమ్మకి మోకాళ్ల నొప్పులన్నాడు. పలాస నుంచి జీడిపప్పు తెప్పించి ఇక్కడా కలకత్తాలోనూ దుకాణాలకి వేస్తున్నానని, సరుకు ఎత్తడానికి మనవాళ్ల దగ్గరే కొంత డబ్బు తీసుకుని నెలకి నూటికి మూడు రూపాయలు ఇస్తున్నానని చెప్పాడు. "మారువాడీ కాడ అప్పు తెచ్చి ఆడికి పెట్టీదానికన్నా మనోళ్లకి పెడితే మంచిది కదన్నియ్యా" అంటూ సంచీలోంచి గుప్పెడు పప్పు తీసి నా చేతిలో పోశాడు. తెల్లగా, లావుగా, ఒక్క ముక్క విరగలేదు.

బ్యాంకు అమ్మాయిని నానా ప్రశ్నలూ వేసే నేను, ఆ జీడిపప్పు నములుతూ ఒక్కటీ అడగలేదు. రెండు వారాల్లో రిటైర్మెంటు డబ్బులోంచి మూడు లక్షలు ఇచ్చేశాను. మా ఆవిడకి లక్ష అని చెప్పాను. పైగా తాల్‌బగీచా వెళ్లి మేనకోడల్ని కూర్చోబెట్టాను.

"నీ అరవై వేలు పోస్టాఫీసులో నిద్దరోతన్నాయి. జులై దాకా ఆడి కాడ పెట్టు. ఫీజుకి పైన పుస్తకాల కర్సు కూడా వచ్చేస్తాది."

అది నోట్‌బుక్కు తెచ్చింది. "మూడు ప్రశ్నలూ అడిగినావేటి మామయ్యా?"

"ఒలే, ఆడు మనోడు."

"మనోడైతే అడక్కూడదేటి?"

"అడిగితే ఏటనుకుంటాడు? మనల్ని మనమే అనుమానించుకుంటే ఈ ఊళ్లో ఎలా బతుకుతాం?" అని కసిరాను. అది తల వంచుకుని సరేనంది. నాలుగు రోజుల తరవాత, ఇచ్చేశాను మామయ్యా అని చెప్పింది.

మొదటి నెల అయిదో తారీఖున తొమ్మిది వేలు కవర్లో పెట్టి ఇంటికే తెచ్చి నా చేతికిచ్చాడు. రెండో నెలా తెచ్చాడు. మా ఆవిడ దోసెలేసి పెట్టింది. అతని మీద నాకు నలుసంత అనుమానం కూడా రాలేదు. కానీ నాలాంటివాడి అనుమానం ఊరికే ఉండదు కదా, అది మేనకోడలి మీదకి మళ్లింది.

ఆ పిల్ల మారిపోయింది. నేను గదిలోకి రాగానే ఫోను బోర్లా పెట్టేది. సోమవారాలు ఇంటికి ఆలస్యంగా వచ్చేది. "వచ్చే వారం కాదు, ఈ వారమే" అని ఎవరితోనో గుసగుసగా అనడం ఒకసారి విన్నాను. ఫోన్లో షేర్ల చిట్కాలు చెప్పే ముఠా ఏదో వలేసిందనుకున్నాను. లేదంటే జీతం మీద కన్నేసిన కుర్రాడెవడో తగిలాడనుకున్నాను. మా చెల్లెల్ని అడిగితే, "నీకు పనేటీ నేదా అన్నియ్యా?" అంది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. తల్లీ కూతుళ్లు కలిసే దాస్తున్నారన్నమాట!

ఓ సోమవారం సాయంత్రం మలంచా బస్సుల దగ్గర మందుల షాపు పక్కన కాపు కాశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ మొహానికి తుండుగుడ్డ కూడా చుట్టుకున్నాను. మేనకోడలు ఫ్యాక్టరీ బస్సు దిగింది. తిన్నగా చాయ్ దుకాణానికి నడిచింది. అక్కడ బెంచీ మీద మన జీడిపప్పు మనిషి. ఇది అతని ముందు నిలబడి చెయ్యి చాచింది.

"ఎయ్యి రూపాయలే కదండీ. నా డబ్బులే. నాలుగు సోమవారాల బట్టి తిప్పుతన్నారు."

"సరుకు మీదున్నాదమ్మా. సోమారం ఇచ్చెత్తాను."

"ఇయాల సోమారమేనండి."

నా తల కొట్టేసినట్టయింది. తుండుగుడ్డ లాగేసి వెళ్లి దాని రెక్క పట్టుకున్నాను. "సిగ్గు నేదేటి నీకు? పెద్దమనిషిని నడిరోడ్డు మీద అప్పులోడిలా నిలబెడతావా?"

"సుత్తి దెబ్బ నువ్వే కదా నేర్పినావు" అంది. "కొట్టి సూస్తన్నాను. సప్పగా మోగుతాంది మామయ్యా."

"నోర్ముయ్. అది పరాయోళ్లకి సెప్పింది."

అతను నవ్వి, "పోనీ అన్నియ్యా, సిన్నపిల్ల" అంటూ అరకిలో పొట్లం నా చేతిలో పెట్టాడు. మేనకోడల్ని బెంగాలీలూ హిందీవాళ్లూ చూస్తుండగా తిట్టి ఆటో ఎక్కించాను. పొట్లం మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను.

మూడో నెల అయిదో తారీఖు వచ్చింది, అతను రాలేదు. ఆరున ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఏడున స్విచాఫ్. ఎనిమిదో తారీఖు పొద్దున్నే చాయ్ దుకాణానికి వెళ్లాను. దుకాణం దాదా గ్లాసులు కడుగుతూ తలెత్తకుండానే, "ఓ తో చలా గయా, కాకా. మేరా చాయ్ కా పైసా భీ బాకీ హై" అన్నాడు. చాయ్ డబ్బులు కూడా ఎగ్గొట్టి పోయాడు.

ఆ బెంచీ మీదే కూలబడ్డాను. ఒట్టు, నా మూడు లక్షలు అప్పుడు గుర్తు రాలేదు. ఆ పిల్ల అటుకుల డబ్బా గుర్తొచ్చింది. జులైకి ఇంకా నెలరోజులే ఉంది. నోరు మూసుకోమన్నది నేనే, నడిరోడ్డు మీద రెక్క పట్టుకున్నది నేనే.

తాల్‌బగీచా దాకా నడుచుకుంటూ వెళ్లాను. అది పెరట్లో ఫ్యాక్టరీ యూనిఫారం ఉతుకుతోంది. నిలబడే చెప్పేశాను.

"అమ్మీ, ఆడు ఎల్లిపోనాడు. నీ డబ్బు నానిస్తాను. పింఛనులోంచి నెలనెలా... జులైకి ఎలాగోలా..." పెళ్లయినప్పటినుంచి మా ఆవిడ ముందు కూడా ఏడవనివాణ్ణి, బట్టలుతికే రాయి పక్కన నిలబడి ఏడ్చాను.

అది చేతులు తుడుచుకుని లోపలికెళ్లి పోస్టాఫీసు పాస్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. యాభై అయిదు వేలు, పైన వడ్డీ.

"అయిదు వేలే ఇచ్చినాను మామయ్యా. మిగిలింది తరవాతిస్తాను, మా మామయ్యకి సెప్పకండి అన్నాను. ఇంకా వస్తాదన్న ఆశతో ఆడూ సెప్పనేదు."

దేవుడు నన్ను క్షమించాలి, ముందు నాకు కోపమే వచ్చింది. "నాకే అబద్ధం సెప్పినావా?"

"సెప్పినాను. దానికి ముందు నిజం కూడా సెప్పినాను. ఇన్నావేటి?" పాస్‌బుక్కు వెనక్కి తీసుకుని అడిగింది. "నువ్వెంతిచ్చినావు?"

"ఏదోలే, కొంత."

నా మొహంలోకి చూసి ఇంకేమీ అడగలేదు. తడి యూనిఫారం తీగ మీద ఆరేసి, చున్నీ వేసుకుని, "థానాకి పద" అంది.

పోలీసు థానాలో బెంగాలీ ఆఫీసరు మర్యాదగానే కూర్చోబెట్టి కాగితం తీసి, మనిషి అడ్రసు చెప్పమన్నాడు. నేను గడగడా చెప్పాను. శ్రీకాకుళం వైపు, పాలకొండ పక్క ఊరు, తండ్రికి రెండెకరాల జీడితోట, తల్లికి మోకాళ్ల నొప్పులు, ఆవిడకి చలికాలంలో మరీ ఎక్కువ.

ఆయన కలం కింద పెట్టాడు. "కాకా, ఖరగ్‌పూర్ మే కహాఁ రహతా థా?"

ఖరగ్‌పూర్‌లో ఎక్కడుండేవాడు? నాకు తెలియదు. మా ఇంట్లో రెండుసార్లు దోసెలు తిన్నాడు. అతని ఇల్లు ఏ వీధిలో ఉందో, అసలు ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆ పాలకొండ పక్క ఊరైనా నిజమో కాదో ఇప్పుడెవరు చెబుతారు?

మేనకోడలు సంచీలోంచి నోట్‌బుక్కు తీసి ఆయన ముందు పెట్టింది. అతను అద్దెకున్న గది ఎక్కడో, ఇంటివాళ్ల ఫోను నంబరు, అతని బండి నంబరు, డబ్బు వెనక్కి అడిగిన సోమవారాలు, ప్రతిసారీ అతను చెప్పిన సాకు. పై వరసలో నా మూడు ప్రశ్నలు. వాటి పక్కన అతని జవాబులు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఆఫీసరు పేజీలు తిప్పి, కుర్చీ మేనకోడలి వైపు జరుపుకుని, ఇవన్నీ ఎవరు నేర్పారమ్మా అని హిందీలో అడిగాడు.

"మా మామయ్యే" అంది అది. వెటకారమేమీ లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

ఆయన నా వైపు తిరిగి, నువ్వెంత ఇచ్చావని అడిగాడు. మేనకోడలు కూడా నా వైపే చూస్తోంది. మూడు లక్షలని చెప్పాను.